తుడవొచ్చు, పూయకూడదు: పాత కామిక్స్ బాగుచేతలో అసలు లెక్క

పాత కామిక్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని మడత వైపు కాస్త పరీక్షగా చూస్తే, పిన్నుల చుట్టుపక్కల అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. తెరిచిన ప్రతిసారీ అట్ట అక్కడే వంగుతుంది, వంగి వంగి రంగు చిట్లిపోయి అడుగున ఉన్న తెల్ల కాగితం బయటపడుతుంది. ముఖచిత్రం నల్లగానో ముదురు ఎరుపులోనో ఉంటే ఆ తెలుపు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఆవగింజంత కూడా ఉండదు ఆ చుక్క. నల్ల స్కెచ్ పెన్ మొన అలా తాకిస్తే చాలు, మాయం. ఎవరికైనా చెయ్యి లాగుతుంది. కానీ తాకించిన మరుక్షణం ఆ పుస్తకం సేకర్తల లెక్కలో వేరే జాతికి చెందినదైపోతుంది. అది ఇక 'రిస్టోర్డ్' కాపీ, అంటే మరమ్మతు జరిగినది, అమ్మబోతే ధర దారుణంగా పడిపోతుంది.

అదే పుస్తకానికి కాస్త తేమ పట్టించి, వేడి పలకల మధ్య పెట్టి నొక్కి, ముడతలన్నీ తీసేశారనుకోండి. ఎవరూ ఏమీ అనరు, పైగా పుస్తకం స్థితికి ఇచ్చే గ్రేడు పెరుగుతుంది. కాగితం వైపు నుంచి ఆలోచిస్తే ఇది తలకిందుల వ్యవహారం. చుక్క ఇంకు వల్ల కాగితానికి జరిగే నష్టం దాదాపు ఏమీ లేదు, పాత కాగితానికి అసలు పడనివే వేడీ తేమా. అంటే ఏది శుభ్రం చేయడం, ఏది మరమ్మతు అనే గీత గీసింది రసాయన శాస్త్రం కాదు, మార్కెట్. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే, పాత కామిక్స్‌ని బాగుచేయడం గురించి వినిపించే సలహాల్లో ఏది పుస్తకం మేలు కోరి చెప్పిందో, ఏది ధర కోసం చెప్పిందో విడదీసి చూడొచ్చు.

ముందు ఆ పుస్తకం దేనితో తయారైందో చూడాలి. 1930ల చివరి నుంచి కొన్ని దశాబ్దాల పాటు అమెరికన్ కామిక్స్ లోపలి పేజీలన్నీ న్యూస్‌ప్రింట్ మీదే వచ్చాయి. చదివి పారేయడానికి వేసిన పిల్లల పుస్తకం కదా, పది సెంట్ల వస్తువుకి అంతకన్నా మంచి కాగితం వాడాలని ఎవరికీ తోచలేదు. ఈ కాగితం కలపని యంత్రంలో వేసి రుబ్బి తీసిన గుజ్జుతో చేసింది, అందులో కాగితపు పీచులకి అసలు సరుకైన సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ కూడా ఉండిపోతుంది. లిగ్నిన్ అంటే చెట్టులోని పీచుల్ని పట్టి ఉంచే పదార్థం. చెట్టుకి అది బలం, కాగితానికి మాత్రం శాపం. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ అది పసుపెక్కి గోధుమరంగులోకి తిరుగుతుంది, తిరుగుతూ ఆమ్లాల్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసుల్ని తెగ్గొడుతుంది. గొలుసులు పొట్టివైనకొద్దీ కాగితం పెళుసైపోతుంది, చివరికి మూల పట్టుకుని తిప్పితే చేతిలోనే ముక్క విరుగుతుంది. అట్ట మాత్రం వేరు. అది నున్నటి పూత ఉన్న కాగితం, విడిగా అచ్చేసి లోపలి పేజీల మీద కప్పి రెండు పిన్నులు కొట్టి, మూడు వైపులా కత్తిరించేవాళ్లు. ఒకే పుస్తకంలో రెండు రకాల కాగితాలు, వాటిని గుచ్చి రెండు ఇనప పిన్నులు. బాగుచేతలో వచ్చే తలనొప్పుల్లో సగం ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి పడకపోవడం వల్ల వచ్చేవే.

పేజీ పసుపెక్కడం మురికి కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మురికి కాగితం పైన కూర్చుంటుంది, పసుపు కాగితం లోపల పుడుతుంది. తుడిచి పోగొట్టేది మొదటిదాన్నే. రెండోదాన్ని తుడిస్తే పోయేది కాగితమే.

అసలు అద్భుతంగా మిగిలిన కాపీలు ఎవరో శుభ్రం చేస్తే అలా మిగల్లేదు. 1977లో అమెరికాలోని కొలరాడోలో చక్ రోజాన్‌స్కీ అనే కుర్ర డీలరు ఎడ్గర్ చర్చ్ అనే పెద్దాయన ఇంటి నుంచి 18 వేలకు పైగా కామిక్స్ కొన్నాడు. ఈ రంగంలో 'మైల్ హై కలెక్షన్' అంటే ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. 1940ల నాటి పుస్తకాలు, పేజీలు తెల్లగా, రంగులు నిన్న అచ్చేసినట్టు. చర్చ్ వాటికి చేసిందల్లా ఏమిటంటే, కొని తెచ్చి ఎత్తుగా దొంతర్లు పేర్చి వదిలేయడం. ఎత్తు ప్రాంతం కాబట్టి గాలి పొడిగా, చల్లగా ఉండేది. దొంతర బరువుకి పుస్తకాలు అణిగి మధ్యలో గాలి ఆడలేదు, వెలుతురు లోపలికి పోలేదు. చీకటి, చలి, పొడి, బరువు, ఇంతే. ఈ నాలుగూ దశాబ్దాల పాటు చేయగలిగిన పనిని ఏ ద్రావకమూ తర్వాత వచ్చి చేయలేదు.

ఈ కలెక్షన్ పుస్తకాల్లో కొన్నింటి అట్టల మీద పెన్సిల్‌తో రాసిన చిన్నచిన్న గుర్తులుంటాయి. చూడ్డానికి పిచ్చిగీతల్లా ఉంటాయి కానీ, ఫలానా కాపీ ఆ ఇంటి నుంచి వచ్చిందేనని రుజువు చేసేవాటిలో అవీ ఒకటి. అలాగే పాతకాలపు దుకాణదారులు సరుకు వచ్చిన తేదీని అట్ట మీద పెన్సిల్‌తో రాసుకునేవాళ్లు, కొందరు ముద్ర వేసేవాళ్లు. రబ్బరు పట్టుకుని శుభ్రం చేయడానికి కూర్చున్న మనిషికి ఇదంతా మురికిలాగే కనిపిస్తుంది. రెండు రుద్దులు రుద్దితే పోతుంది కూడా. ఆ పోయేది పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు, పట్టపగటి వెలుతురులో ముందూ వెనకా ఫొటోలు తీసుకుని, ఏ గీత ఏమిటో తేల్చుకున్నాకే చెయ్యి వేయడం మంచిది.

ఇక చెయ్యి వేసే పద్ధతి. పొడి శుభ్రత అంటే నీళ్లూ మందులూ లేకుండా చేసేది. మెత్తటి బ్రష్‌తో మడత దగ్గర్నుంచి అంచుల వైపుకి దుమ్ము దులపడంతో మొదలు. ఎదురుగా, అంటే అంచు నుంచి లోపలికి దులిపితే చిరుగు ఉన్నచోట ఇంకాస్త చిరుగుతుంది. దుమ్ము పోయాక వల్కనైజ్డ్ రబ్బరు స్పాంజి. అగ్నిప్రమాదాల తర్వాత గోడలకి పట్టిన మసి తీయడానికి వాడేది అదే. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, రుద్దకుండా, మెల్లగా అద్దుతూ ఒకే దిక్కుగా లాగుతారు. వెనక అట్ట తెల్లగా ఉన్న కామిక్ మీద దీని సత్తా చూడాలి. పైకి శుభ్రంగానే ఉందనుకున్న అట్ట మీద ఒక మూల నుంచి అరచేతి వెడల్పు మేర లాగితే స్పాంజి ముక్క కింది వైపు బూడిదరంగుకి తిరుగుతుంది, అట్ట మీద తుడిచిన మేరకు ఒక లేతపట్టీ తేలుతుంది, అప్పుడు గానీ మిగతాదంతా ఎంత మాసిపోయిందో కంటికి తెలీదు. ఆ పట్టీ చూశాక ఆగబుద్ధి కాదు. అదే ప్రమాదం. స్పాంజి నల్లబడిన వైపు తిప్పకుండా అలాగే లాగితే తీసిన మురికినే మళ్లీ పూసినట్టవుతుంది.

స్పాంజికి లొంగని వేలిముద్రల జిడ్డుకీ, అట్టల మీది రాపిడి మరకలకీ తెల్లటి వినైల్ రబ్బరు వాడతారు. గులాబీరంగు పెన్సిల్ రబ్బరు మాత్రం వద్దు, అందులో గరుకు పొడి ఉంటుంది, పూతని గీకేస్తుంది. వినైల్ రబ్బరైనా సరే రంగు లేని తెల్లటి చోటే క్షేమం. ఎరుపు, ముదురు నీలం, నలుపు ఉన్నచోట రబ్బరు పెడితే మురికితో పాటు ఇంకు కూడా వస్తుంది, రబ్బరు అంచు గులాబీరంగుకి తిరిగిందంటే ఆపేయాల్సిన క్షణం అప్పటికే దాటిపోయిందని అర్థం. ఇంకు పోకపోయినా మెరుపు పోతుంది. ఏటవాలు వెలుతురులో పట్టి చూస్తే రుద్దిన మేర మసకగా, చుట్టూ నిగనిగలాడుతూ, ఎవరో కావాలని మచ్చ వేసినట్టు ఉంటుంది. రబ్బరు పుట్టకముందు జనం పెన్సిల్ గీతలు చెరపడానికి బ్రెడ్డు ముద్ద వాడేవాళ్లు, ఆ పాత చిట్కా కామిక్స్ వాళ్లలో కూడా చాలాకాలం నడిచింది. పని చేస్తుంది, నిజమే. కాకపోతే బ్రెడ్డులోని పిండీ నూనే కాగితం మీద మిగిలిపోయి పురుగుల్ని పిలుస్తాయి. మురికి తీసి విందు పెట్టినట్టు.

లోపలి పేజీలకి రబ్బరు జోలికి పోకపోవడమే మేలు. న్యూస్‌ప్రింట్ మెత్తన, పీచు లేచిపోతుంది.

ఇప్పుడు ప్రెస్సింగ్, అంటే మొదట చెప్పుకున్న ఆ తేమా వేడీ పెట్టి నొక్కే పని. ఈ రంగంలో డబ్బంతా ఇక్కడే తిరుగుతోంది, గొడవలు కూడా. అట్ట మీద పడిన ముడతలు రెండు రకాలు: రంగు విరగనివి, విరిగినవి. ఎవరో బొటనవేలితో నొక్కి పట్టుకోవడం వల్ల పడిన సొట్ట, చుట్టి జేబులో పెట్టుకోవడం వల్ల వచ్చిన వంపు, పైన ఏదో బరువు పెట్టడం వల్ల పడిన గుంట, ఇవన్నీ మొదటి రకం. కాగితపు పీచులు వంగాయి గానీ తెగలేదు. కాస్త తేమ తగిలితే పీచులు మెత్తబడి వదులవుతాయి, వేడీ ఒత్తిడీ కలిపి వాటిని తిన్నగా కూర్చోబెడతాయి, ఒత్తిడిలోనే చల్లారనిస్తే అలాగే నిలుస్తాయి. ఇస్త్రీ సూత్రమే. కానీ ఇస్త్రీ పెట్టెతో చేసే పని కాదు, వేడి ఒక్కచోట ఎక్కువై, ఒక్కచోట తక్కువై అట్ట అలలు తేలుతుంది. టీషర్టుల మీద బొమ్మలు అంటించే ప్రెస్ లాంటిది వాడతారు, ఉష్ణోగ్రత సాధారణంగా 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు, పైనా కిందా అంటుకోని సిలికాన్ కాగితం, దాని వెనక మందపాటి అట్టలు, పిన్నుల గుర్తులు ముందు పేజీల మీద అచ్చు పడకుండా లోపల ఇంకో కాగితం. రంగు విరిగిన ముడత ఉందంటే, దాన్ని ఎంత నొక్కినా బల్లపరుపుగా అవుతుందే తప్ప తెల్లగీత అలాగే ఉంటుంది. ప్రెస్సింగ్ చేయిస్తే ఏ పుస్తకమైనా బాగుపడుతుందనుకునేవాళ్లు ముందు భూతద్దంతో ఈ తేడా చూసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ప్రెస్సింగ్ తప్పితే ఎలా తప్పుతుందో కూడా చెప్పుకోవాలి. తేమ తగిలితే కాగితం సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, పీచు పరుచుకున్న దిక్కుకి అడ్డంగా ఈ సాగడం ఎక్కువ. అట్టా లోపలి పేజీలూ వేర్వేరు కాగితాలు కాబట్టి రెండూ ఒకేలా సాగవు, ఒకేలా కుంచించుకోవు. తొందరపడి తేమ ఎక్కువ పట్టించి, వేడి ఎక్కువ పెట్టి, చల్లారకముందే తీసేస్తే అట్ట పొట్టిదైపోయి లోపలి పేజీల అంచు కుడివైపు బయటికి తొంగిచూస్తుంది. పొట్టి చొక్కా కింద బనియను కనపడినట్టు. ఒకసారి అలా అయిందంటే దాన్ని పూర్తిగా వెనక్కి తేవడం గగనమే. మడత వెడల్పుగా బల్లపరుపై పోవడం, పిన్నుల చుట్టూ కాగితం చిట్లడం, నిగనిగలాడే అట్ట వేడికి సిలికాన్ కాగితం గరుకు అచ్చు తీసుకోవడం, ఇవన్నీ కూడా ఉన్నవే. పెళుసైపోయిన 1940ల పుస్తకాన్ని ప్రెస్‌లో పెట్టడం గురించి అయితే ఆలోచించకపోవడమే తెలివి. బూజు వాసన వచ్చే పుస్తకం సంగతీ అంతే, వేడి తేమ అంటే బూజుకి పండగ.

మరి ఇంత చేసే ప్రెస్సింగ్‌ని రిస్టోరేషన్ కింద ఎందుకు లెక్కపెట్టరు? ఏమీ కలపడం లేదు, ఏమీ తీసేయడం లేదు, ఉన్నదాన్నే సరిచేస్తున్నాం అనేది పైకి చెప్పే కారణం. ఇందులో నిజం లేకపోలేదు. కానీ దీని వెనక ఉన్న అసలు బలమైన కారణం ఇంకోటి: సరిగ్గా చేసిన ప్రెస్సింగ్‌ని ఎవరూ కనిపెట్టలేరు. ముప్ఫై ఏళ్లు దొంతర అడుగున బరువు కింద పడున్న పుస్తకానికీ, నిన్న ప్రెస్‌లోంచి తీసిన పుస్తకానికీ తేడా చూపించడం దాదాపు అసాధ్యం. రుజువు చేయలేని తప్పుకి శిక్ష వేయడం ఏ వ్యవస్థ వల్లా కాదు, అందుకని అది తప్పు కాదని తేల్చేశారు. స్కెచ్ పెన్ చుక్క మాత్రం అతినీలలోహిత (యూవీ) దీపం కింద దొరికిపోతుంది కాబట్టి నేరమైంది.

ఈ తేల్చడంలో పెద్ద పాత్ర గ్రేడింగ్‌ది. సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ, అందరూ సీజీసీ అనేది, 2000లో మొదలైంది. పుస్తకాన్ని పరీక్షించి, 0.5 నుంచి 10.0 దాకా ఉన్న కొలమానం మీద గ్రేడు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసేసి పైన లేబుల్ పెడుతుంది. ఏ మరమ్మతూ లేకపోతే నీలం లేబుల్, రిస్టోరేషన్ ఉంటే ఊదారంగు. అంతకుముందు రిస్టోరేషన్ అంటే ఇంత భయం ఉండేది కాదు, 1970లు 80లలో చిరిగిన అట్ట అతికించి, రంగులు దిద్దించి పెట్టుకోవడం పుస్తకం మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసే పనే. ఊదా లేబుల్ వచ్చాక అదే పని మచ్చ అయిపోయింది. 9.4కీ 9.6కీ మధ్య ధరల్లో తేడా భారీగా ఉండేసరికి, డబ్బా పగలగొట్టి, ప్రెస్ చేయించి, మళ్లీ గ్రేడింగ్‌కి పంపడం ఒక వ్యాపారమైంది. ఇంగ్లిష్‌లో ఈ మూడు పనుల మొదటి అక్షరాలు కలిపి సీపీఆర్ అంటారు, ఆగిపోయిన గుండెని కొట్టుకునేలా చేసే పనికి పెట్టిన పేరే. సరదాగానే పెట్టినా, అతికినట్టు సరిపోయింది.

దీనికి పరాకాష్ఠ ఇంకోటి ఉంది. ఎప్పుడో ఎవరో పూసిన రంగుని గీకించి తీసేయించడం. రంగు దిద్దిన కాపీ చూడ్డానికి బాగుంటుంది, ఊదా లేబుల్‌తో తక్కువ ధర పలుకుతుంది. నిపుణుడి చేత ఆ రంగు గీకించేస్తే తెల్లమచ్చలు బయటపడి పుస్తకం కళ తప్పుతుంది, గ్రేడు పడిపోతుంది, కానీ లేబుల్ నీలం అవుతుంది, దాంతో ధర పెరుగుతుంది. వస్తువుని వికారం చేస్తే విలువ పెరిగే వ్యాపారాలు లోకంలో ఎక్కువ ఉండవు.

అలాగని మార్కెట్ గీతలో తర్కమే లేదనలేం. తీసేయొచ్చు, కలపకూడదు అని పైపైన చెబుతారు గానీ లోతుగా చూస్తే అది కాస్త వేరు: పుస్తకానిది కానిదాన్ని తీయొచ్చు, పుస్తకానిదాన్ని తీయకూడదు, పుస్తకానిది కానిదాన్ని చేర్చకూడదు. అందుకే నలిగిన అంచుని బ్లేడుతో సన్నగా కోసేస్తే, ఏమీ కలపకపోయినా అది రిస్టోరేషనే, పైగా అందులోకెల్లా హీనమైనది. రంగు పూస్తే గీకొచ్చు, కోసిన అంచుని తిరిగి తేలేం. మ్యూజియాల్లో, గ్రంథాలయాల్లో కాగితాలు కాపాడే నిపుణులు కూడా మొదటి నుంచీ దాదాపు ఇదే చెబుతారు. ఏ పని చేసినా తర్వాత వచ్చేవాడు దాన్ని విప్పగలిగేలా ఉండాలి, ఏం చేశారో రాసి పెట్టాలి అని.

ఆ నియమం ఊరికే రాలేదు. విలియం బారో అనే అమెరికన్ 20వ శతాబ్దం మధ్యలో కాగితంలోని ఆమ్లమే దాన్ని తినేస్తోందని గట్టిగా చెప్పి, ఆ ఆమ్లాన్ని పనిచేయకుండా విరిచే పద్ధతులు కనిపెట్టిన పెద్దమనిషి. ఆయనే పెళుసైన పత్రాల్ని సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో అతికించే పద్ధతి కూడా తెచ్చాడు. అప్పట్లో అది గొప్ప పరిష్కారం, ఎన్నో చారిత్రక పత్రాల్ని అలా లామినేట్ చేశారు. తర్వాత ఆ ప్లాస్టికే చెడిపోతూ ఆమ్లాన్ని వదలడం మొదలుపెట్టింది, ఇప్పుడు నిపుణులు కూర్చుని ఆ పొరల్ని ఊడదీస్తున్నారు. ఉద్దేశం మంచిది, అప్పటి జ్ఞానం మేరకు సరైనది కూడా. అయినా అంతే.

ఇంట్లో జరిగే విషాదం ఇంకా చిన్నది, పేరు టేపు. పారదర్శకమైన అంటుడు టేపు 1930లో మార్కెట్‌లోకి వచ్చింది, అంటే కామిక్స్‌తో పాటే పెరిగింది. చిరిగిన ప్రతి అట్టకీ పిల్లలు మొదట అంటించింది అదే. పాత టేపులోని రబ్బరు బంక ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, జిగటగా కాగితం పీచుల్లోకి ఇంకిపోతుంది. తర్వాత పైనున్న పొర ఎండి ఊడిపోతుంది, తేనెరంగు పట్టీ మాత్రం అట్టకి అటూ ఇటూ కనిపిస్తూ మిగిలిపోతుంది. ఊడి వస్తోంది కదా అని గోరుతో లాగితే రంగు పొర కూడా వెంటొచ్చేస్తుంది. నిపుణులైతే కొద్దిగా వేడి తగిలించి పొర ఎత్తి, హెప్టేన్ లాంటి ద్రావకాలతో బంకని మెత్తబరిచి తీస్తారు. పనిలో పనిగా లైటర్లలో పోసే ద్రవంతో స్టిక్కర్లు తీసే చిట్కా గురించి: పని చేస్తుంది, త్వరగా ఆవిరైపోతుంది, నిప్పు అంటుకుంటుంది, కొన్ని ఇంకుల్ని కరిగిస్తుంది. ఈ నాలుగూ నిజమే.

నీళ్లతో కడగడం, ఆమ్లం విరిచే ద్రావణాలు, తెల్లబరచడం, ఇవి పుస్తకాన్ని విప్పదీసి చేసే పనులు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి వెలుతురులో పెడితే మాసిన అట్ట తెల్లబడుతుంది, చూసినవాళ్లు ఆశ్చర్యపోయేంతగా. అయితే ఆ రసాయనం కాగితంలో మిగిలిపోతే సెల్యులోజ్‌ని తింటుంది, కొన్నేళ్లకి పసుపు తిరిగి రావచ్చు కూడా. బాగుచేయడానికి ముందు ఫొటో, బాగుచేశాక ఫొటో పక్కపక్కన పెట్టి మురిసిపోయేవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాతి ఫొటో పెట్టరు. ఆమ్లం విరవడం మాత్రం కాగితానికి నిజంగా ఆయుష్షు పోసే పనే, పసుపు పోగొట్టదు గానీ పాడవడాన్ని నెమ్మదింపజేస్తుంది. చిత్రం ఏమిటంటే పుస్తకానికి మేలు చేసే ఇలాంటి పనుల్ని గ్రేడింగ్ కంపెనీలు 'కన్సర్వ్డ్' (కాపాడే పని జరిగింది) అని లేబుల్ మీద ప్రత్యేకంగా గుర్తేసి చెబుతాయి, ఒక్క ఏడాది కూడా ఆయుష్షు పెంచని ప్రెస్సింగ్‌కి ఏ గుర్తూ ఉండదు.

నిజమైన మరమ్మతు చూడాలంటే చిరుగు అతికించడం దగ్గర చూడాలి. కోజో చెట్టు నారతో చేసిన జపాన్ కాగితం, ఉల్లిపొర కన్నా పల్చన. దాన్ని కత్తెరతో కత్తిరించరు. బ్రష్‌తో నీటిగీత గీసి, తడిసినచోట రెండు వేళ్లతో లాగి చింపుతారు, అప్పుడు అంచంతా పొడవాటి పీచులు తేలి జూలులా ఉంటుంది. కొద్దిగా గోధుమ గంజిని వడగట్టి పల్చగా చేసి ఆ ముక్కకి రాసి, చిరుగు వెనక పరిచి, పీచుల్ని అటూ ఇటూ సర్ది, పైన బ్లాటింగ్ కాగితం పెట్టి చిన్న బరువు ఉంచుతారు. ఆరాక వేలితో తడిమితే అతుకు ఎక్కడ మొదలైందో తెలీదు. ఇంత బలంగా పట్టిన అతుకు కాస్త తడి చేస్తే మళ్లీ ఊడొస్తుంది. ఫెవికాల్ లాంటి తెల్ల బంక పక్కన దీన్ని పెట్టి పోల్చడం కూడా అన్యాయం, అది ఎండితే గట్టిపడి, అతుకు పక్కనే కొత్త చిరుగు పుట్టిస్తుంది.

కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇవన్నీ పట్టుకోవడం కొంతవరకు సాధ్యమే. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే అట్ట మీద దిద్దిన రంగు అసలు ఇంకుకి భిన్నంగా మెరుస్తుంది లేదా నల్లగా కనపడుతుంది, బంకలు కూడా బయటపడతాయి. పాత కాగితానికి ఈ కాలపు కాగితం ముక్క అతికించి ఉంటే, కొత్త కాగితాల్లో తెలుపు కోసం కలిపే పదార్థాల వల్ల ఆ ముక్క నీలితెలుపుతో వెలిగిపోతుంది. దీపం లేకపోయినా అట్ట తిప్పి లోపలి వైపు చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది, స్కెచ్ పెన్ ఇంకు వెనక్కి ఇంకి చిన్న మచ్చలు పెడుతుంది. అంచులు కోశారో లేదో తెలుసుకోవాలంటే పాత కాగితం అంచు సాధారణంగా పేజీ మధ్యభాగం కన్నా ముదురుగా ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. పేజీలు పసుపు, అంచు మాత్రం శుభ్రంగా తెల్లగా ఉందంటే బ్లేడు తిరిగినట్టే. పిన్నులు కొత్తగా మెరుస్తూ, చుట్టూ కాగితం మీద మాత్రం తుప్పు మరక వలయం ఉందంటే పిన్నులు మార్చినట్టే.

ఊదా లేబుల్ పుస్తకాల్ని తీసిపారేయాల్సిన పని కూడా లేదు. అరుదైన పుస్తకాన్ని చేతిలో పట్టుకోవాలనే కోరిక తప్ప అమ్మే ఆలోచన లేనివాళ్లకి, బాగా చేసిన రిస్టోర్డ్ కాపీ ఇంకెలాగూ అందని వస్తువు తక్కువ ధరకి దొరికే దారి. మడత వెంబడి రెండుగా చీలిపోయి, పేజీలు ఊడి వస్తున్న పుస్తకానికి అతుకు వేయకపోతే అది చదివిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది. అక్కడ లేబుల్ రంగు చూసి ఆగిపోవడం మూర్ఖత్వం. తప్పు మరమ్మతులో లేదు, చేసి చెప్పకపోవడంలో ఉంది.

బూజూ తడీ గురించి రెండు ముక్కలు. పుస్తకాలు నీళ్లలో తడిస్తే వాటిని ఎండలో పరచకూడదు. పూత ఉన్న అట్టలు ఒకదానికొకటి రాయిలా అతుక్కుపోతాయి. రెండు రోజుల్లోపు విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వేస్తే బూజు పట్టకుండా ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే ఆరబెట్టుకోవచ్చు. పాత వాసన ఉన్న పుస్తకాన్ని మూత ఉన్న డబ్బాలో, తగలకుండా పక్కన యాక్టివేటెడ్ చార్‌కోల్ పెట్టి కొన్ని వారాలు ఉంచితే చాలావరకు పోతుంది. అత్తరు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు, ఆ పుస్తకాలకి ఇప్పుడు రెండు వాసనలు.

బాగుచేశాక పుస్తకం ఎక్కడికి వెళ్తుందన్నది అన్నిటికన్నా ముఖ్యం, దానికే జనం అన్నిటికన్నా తక్కువ ఖర్చు పెడతారు. మైలార్ అని పిలిచే పాలిస్టర్ కవర్లు ఏళ్ల తరబడి మారకుండా ఉంటాయి. పాలీప్రొపిలీన్ సంచులు చవక, కొన్నేళ్లకోసారి మార్చుకుంటే పర్లేదు. మెత్తగా, ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లు మాత్రం ఇంట్లో ఉండకూడదు. అవి పాడవుతూ ఆమ్లాన్ని వదులుతాయి. వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిదై, అందులో కాల్షియం కార్బొనేట్ కలిపినదైతే కాగితం వదిలే ఆమ్లాన్ని కొంత పీల్చుకుంటుంది. అది ఉట్టి తెల్లట్టేనా అన్నది చూసి చెప్పలేం, పైన తెలుపు, లోపల మామూలు గుజ్జు ఉండే అట్టలు ఏళ్లు గడిచాక పుస్తకం వెనక గోధుమరంగు అచ్చు వేస్తాయి. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య, మరీ ముఖ్యంగా రోజుకోలా మారకుండా. గోడకి తగిలించి చూసుకోవాలనుకునేవాళ్లు అసలు కాపీ లోపల పెట్టి, ముఖచిత్రం ఫొటోని ఫ్రేమ్ కట్టించుకుంటే వచ్చేవాళ్లకి తేడా తెలీదు. వెలుతురికి అట్ట మీద ముందు పోయేవి ఎరుపూ పసుపూ. కిటికీ పక్కన కొన్నేళ్లు వేలాడిన ముఖచిత్రం మీద నీలమూ నలుపూ మాత్రమే మిగిలి, బొమ్మలోని మనుషులంతా చలికి కొంకర్లు పోయినట్టు కనిపిస్తారు, దానికి ఏ స్పాంజీ ఏ ప్రెస్సూ లేదు.